చీజ్ సాస్‌లో బేక్ చేసిన చేప: ఫిష్ మోర్నే వండే విధానం, మొదటి నుంచి చివరి దాకా

చేపల పులుసును పాడుచేయడం అంత తేలిక కాదు. చింతపండు, కారం, మెంతిపొడి కలిసి చిన్నాచితకా లోపాలన్నిటినీ కప్పేస్తాయి. ఫిష్ మోర్నేకు ఆ రక్షణ లేదు. చేప, పాలు, వెన్న, మైదా, చీజ్, పైన కాస్త జాజికాయ, అంతే సరంజామా. చేప పాతదైతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. సాస్‌లో పిండి పచ్చిగా ఉన్నా దాగదు. వీటన్నిటికన్నా త్వరగా బయటపడేది నీరు. ఓవెన్ నుంచి తీసిన పళ్లెంలో చేప ఒక పక్క, విరిగిన సాస్ ఒక పక్క, మధ్యలో పలుచటి నీళ్లు తేలుతున్నాయంటే, వండినవారు ఎక్కడో ఒకచోట నీటిని వదిలేశారని అర్థం. ఆ నీటిని ఎక్కడికక్కడ ఆపడమే ఈ వంటలో అసలు పని.

మోర్నే అంటే ఫ్రెంచి సాస్. పాలు, వెన్న, పిండితో చేసే తెల్లటి బెషమెల్ సాస్‌లో చీజ్ కలిపితే అది మోర్నే అవుతుంది. బెషమెల్ పేరు ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కొలువులో పనిచేసిన లూయీ ద బెషమెల్ మీదుగా వచ్చింది. మోర్నే 19వ శతాబ్దపు పారిస్ రెస్టారెంట్లలో పేరు తెచ్చుకుంది. తర్వాత ఇది దేశదేశాల ఇళ్లలోకి దిగి రకరకాల రూపాలు తీసుకుంది. బ్రిటన్‌లో కాడ్, పొగబెట్టిన హ్యాడక్ చేపలను తెల్ల సాస్‌లో వేసి, పైన బంగాళాదుంప ముద్ద పరిచి ఫిష్ పై అంటారు. ఆస్ట్రేలియాలో డబ్బా ట్యూనాతో మోర్నే చేసుకుంటారు. నార్వేలో మాకరోనీ కలిపి బేక్ చేస్తారు. పోర్చుగల్‌లో ఉప్పుచేపనే నానబెట్టి క్రీముతో ఓవెన్‌లో పెడతారు. చలిదేశాల్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే రోజుల్లో వేడివేడిగా తినే కూడు ఇది. మసాలా తగిలించి దీన్ని మన దారికి తేవాలని చూడకండి. అల్లంవెల్లుల్లి ముద్ద పడిన క్షణంలో ఇది మరో వంటైపోతుంది, అదీ అంత మంచి వంట కాదు.

మొదలుపెట్టేముందు ఒక సందేహం తీర్చుకోవాలి, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు: చేపలో పాలా? బొల్లి రాదూ? పాలు, చేపలు కలిపి తినడాన్ని ఆయుర్వేదం విరుద్ధాహారంగా చెబుతుంది. ఆ మాట మన ఇళ్లలో బలంగా నాటుకుంది. ఆధునిక వైద్యం మాత్రం బొల్లిని రోగనిరోధక వ్యవస్థ చర్మంలో రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చే సమస్యగా చూస్తుంది. చేపను పాలతో తినడం వల్ల అది వస్తుందనడానికి ఆధారాలు లేవు. యూరప్‌లో తరతరాలుగా ఈ రెండూ ఒకే పళ్లెంలో ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోనివారిని బలవంతపెట్టకండి, వాళ్లకు వేపుడు చేసిపెట్టండి.

నలుగురికి కావలసినవి

చేప ముక్కలు (ముల్లు, తోలు తీసినవి): 600 గ్రాములు
పాలు: 500 మిల్లీలీటర్లు
ఉప్పు లేని వెన్న: 40 గ్రాములు, పళ్లేనికి రాయడానికి, పైపొడికి మరికొంచెం
మైదా: 40 గ్రాములు (గీసి కొలిస్తే సుమారు 5 టేబుల్ స్పూన్లు)
తురిమిన చీజ్: 120 గ్రాములు
తాజా బ్రెడ్ పొడి: గుప్పెడు
ఉల్లిపాయ సగం, బిర్యానీ ఆకు 1, మిరియాలు 8
జాజికాయ, ఆవపిండి పావు టీ స్పూను, ఉప్పు, ఒక నిమ్మకాయ

పాల గురించి ఒక మాట. మన దగ్గర ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలలో 6 శాతం వెన్న ఉంటుంది, టోన్డ్ పాలలో 3 శాతం. యూరప్ వాళ్లు ఈ సాస్‌కు వాడే మామూలు పాలలో ఉండేది మూడున్నర శాతం ప్రాంతంలోనే. కాబట్టి టోన్డ్ పాలు సరిగ్గా సరిపోతాయి. ఫుల్ క్రీమ్ పాలకు వెన్న, చీజ్, ఆపైన ఫ్రెష్ క్రీమ్ కూడా తోడైతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. సాస్‌కు మీగడలాంటి నునుపు పిండిని సరిగా ఉడికించడం వల్లే వస్తుంది, క్రీమ్ ప్యాకెట్ కొనక్కర్లేదు.

చేపను ఎంచుకోవడం

పొరలు పొరలుగా విడిపోయే తెల్లటి కండ ఉన్న చేప కావాలి. మనకు దొరికేవాటిలో నా మొదటి ఓటు పండుగప్పకు. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, ముల్లు తీయడం సులువు, వాసన తక్కువ. కొరమీను కూడా బాగుంటుంది. పొరలు అంతగా విడవవు గానీ నీరు తక్కువగా వదులుతుంది. వంజరం రుచికి తిరుగులేదు కానీ ఓవెన్‌లో త్వరగా ఎండిపోతుంది, కాబట్టి రెండు నిమిషాలు ముందే తీయాలి. చందువ మీద ప్రేమ ఉంటే వేపుకోండి, సాస్ కింద దాచడం దండగ.

బొచ్చె, రాగండి పనికిరావు. వాటి రుచిలో లోపం లేదు, కండ మధ్యలో ఉండే సన్నటి చీలిక ముళ్లే చిక్కు. పులుసులో అయితే వేళ్లతో తడిమి ఏరుకుంటూ తింటాం. తెల్లటి సాస్‌లో ఫోర్కుతో తినేటప్పుడు ఆ ముల్లు గొంతులో దిగాకే తెలుస్తుంది. సూపర్‌మార్కెట్‌లో గడ్డకట్టించి అమ్మే బాసా చవక, ముల్లు ఉండదు. అయితే దానిలో నీరు విపరీతం. అదే దొరికితే కింద చెప్పిన ఉప్పు పద్ధతిని తప్పకుండా పాటించండి. అమెరికా, బ్రిటన్‌లో ఉన్నవారికి కాడ్, హ్యాడక్, పొలాక్ ఏదైనా సరే.

చేపల దుకాణంలో కొట్టించేటప్పుడు పులుసు ముక్కలు కాకుండా, నడిముల్లు నుంచి విడదీసిన ఫిలే కావాలని స్పష్టంగా చెప్పండి. తోలు కూడా తీయమనండి. ఇంటికి తెచ్చాక కండ మీద వేలితో మెల్లగా రాయండి, మిగిలిన ముళ్లు తగులుతాయి, పట్టకారుతో లాగేయండి. ముక్కలు రెండున్నర సెంటీమీటర్ల మందంలో ఉంటే ఉడకడం అన్నిటా ఒకేలా ఉంటుంది. తోక వైపు పలుచటి భాగాన్ని కిందికి మడిచి ఆ మందం తెచ్చుకోవచ్చు.

ఒకటో మెట్టు: చేపలో నీరు తీయడం

గడ్డకట్టిన చేపను ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. వేడినీళ్లలో వేసి తొందరపెడితే కండ బయట మెత్తబడి, లోపల మంచు మిగిలి, ఆ మంచంతా చివరికి సాస్‌లోకి చేరుతుంది.

ముక్కల మీద రెండు వైపులా మొత్తం ఒక టీ స్పూను ఉప్పు చల్లి, జల్లెడ మీద గానీ, వాల్చిన పళ్లెంలో గానీ 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు కండలోని నీటిని పైకి లాగుతుంది, కండ కొంచెం బిగుసుకుంటుంది, లోపలికి ఉప్పు పడుతుంది. తర్వాత కడగకుండా శుభ్రమైన నూలుగుడ్డతో గానీ టిష్యూతో గానీ గట్టిగా అద్దండి. గుడ్డ ఎంత తడిసిందో చూస్తే, ఈ పని మానేసి ఉంటే సాస్ గతి ఏమయ్యేదో అర్థమవుతుంది. పసుపు వద్దు, నిమ్మరసం ఇప్పుడు వద్దు.

రెండో మెట్టు: పాలకు పరిమళం

పాలలో ఉల్లిపాయ, బిర్యానీ ఆకు, మిరియాలు వేసి, అంచుల్లో బుడగలు రాగానే పొయ్యి ఆపి మూతపెట్టండి. 15 నిమిషాల తర్వాత వడకట్టండి. ఫ్రెంచివాళ్లు వాడే ఆకూ మన బిర్యానీ ఆకూ ఒకటి కావు. వాళ్లది వేరే చెట్టు, దాని ఘాటు వేరు. మనదానికి దాల్చినచెక్క వాసన ఉంటుంది. అందుకే ఒక్క ఆకుతో ఆపమంటున్నాను. మసాలా మొత్తంలో అంతే, ఇంకేమీ రాదు.

మూడో మెట్టు: సాస్

ఓపిక అంతా ఇక్కడ పెట్టాలి. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. సన్నటి మంట మీద వెన్న కరిగించండి. నురుగు తగ్గుతుండగా మైదా అంతా ఒకేసారి వేసి చెక్క గరిటెతో కలపండి. తడి ఇసుకలా మారి, ఆ తర్వాత సన్నగా బుసబుసలాడుతుంది. రెండు నిమిషాలు అలాగే వేయించండి. రంగు మారకూడదు. బిస్కెట్ వాసన రావడం మొదలైతే చాలు. దీన్ని ఫ్రెంచిలో రూ అంటారు.

ఈ రెండు నిమిషాల్లో ప్రతి పిండి రేణువు చుట్టూ వెన్న పూత పడుతుంది. పూత ఉంటే పాలు తగిలినప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడిగా ఉబ్బుతాయి. మైదాను నేరుగా వేడి పాలలో చల్లినప్పుడు ఉండలు కట్టేది ఆ పూత లేకనే. వెన్న, మైదా సమాన బరువులో ఉండాలనడం కూడా ఇందుకే.

ఇప్పుడు గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, పాలు ఒక గరిటెడు పోసి బాగా కలపండి. ముద్దలా బిగుస్తుంది, భయపడకండి. మరో గరిటెడు పోసి నునుపయ్యేదాకా కలపండి. ముద్ద జారుగా మారాక మిగతా పాలు కొంచెం ఎక్కువెక్కువగా పోయవచ్చు. అంతా కలిశాక మళ్లీ సన్నటి మంట మీదికి ఎక్కించి, కలుపుతూ ఉడకనివ్వండి. చిక్కబడటం మరిగే దశ దగ్గర మొదలవుతుంది. చిక్కబడగానే అయిపోయిందనుకుని దించేవారే ఎక్కువ. అప్పుడు రుచి చూస్తే నాలుకకు పచ్చి పిండి తగులుతుంది. చిక్కబడ్డాక ఇంకో 6 నుంచి 8 నిమిషాలు, అడుగు గీకుతూ, అక్కడక్కడ బుడగలు పైకి తేలేలా ఉడికించాలి. పచ్చివాసన పోతుంది, సాస్‌కు మెరుపు వస్తుంది.

ఎంత చిక్కగా ఉండాలి? గరిటె వెనక పూతలా పట్టాలి, వేలితో గీత గీస్తే ఆ గీత పూడకుండా నిలవాలి. మాకరోనీకి చేసుకునే సాస్ కన్నా ఇది చిక్కగా ఉంటుంది. చేప ఓవెన్‌లో ఇంకా కొంత నీరు వదులుతుంది, ఆ నీటికి ముందే లెక్క కట్టి పెట్టుకున్న చిక్కదనం ఇది. బాసా వాడేవారు పాలు 50 మిల్లీలీటర్లు తగ్గించుకోండి.

ఉండలు కట్టిందా? జల్లెడలో వేసి గరిటెతో నొక్కండి, ఎవరికీ తెలియదు.

నాలుగో మెట్టు: చీజ్ కలపడం

ఏ చీజ్? ఫ్రెంచి వంటగదిలో స్విట్జర్లాండ్ గ్రుయేర్, దానికి తోడు కాస్త పర్మేజాన్ వాడతారు. బ్రిటిష్ ఇళ్లలో చెడ్డార్. మన ఊళ్లలో తేలికగా దొరికేది ప్రాసెస్డ్ చీజ్, అమూల్ దిమ్మలాంటిది. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అందులో కలిపే లవణాలు కొవ్వును, ప్రోటీన్‌ను విడిపోనివ్వకుండా పట్టి ఉంచుతాయి, కాబట్టి సాస్ విరగడం దాదాపు ఉండదు. కానీ రుచిలో లోతు తక్కువ, పైన చక్కగా ఎర్రబడదు. నా లెక్క ఇది: సాస్‌లోకి 40 గ్రాములు ప్రాసెస్డ్ చీజ్, 40 గ్రాములు చెడ్డార్, పైన చల్లడానికి మరో 40 గ్రాములు చెడ్డార్. మొజరెల్లా పిజ్జాకు బాగుంటుంది, సాస్‌లో వేస్తే తీగలుగా సాగి గరిటెకు చుట్టుకుంటుంది. పనీర్ అసలే వద్దు. పులుపుతో విరిచిన పాల నుంచి వచ్చింది కనుక ఎంత వేడిచేసినా కరగదు, పలుకులుగా మిగిలిపోతుంది. తురిమి ప్యాకెట్లలో అమ్మే చీజ్‌కు అంటుకోకుండా పిండిపదార్థమో సెల్యులోజో పూస్తారు, అది సాస్ నునుపును చెడగొడుతుంది. దిమ్మ కొని ఇంట్లోనే తురుముకోండి.

సాస్ దించి, ఒక నిమిషం ఆగి, అప్పుడు తురుము మూడు విడతల్లో వేస్తూ కలపండి. కింద మంట ఉండకూడదు. మరుగుతున్న సాస్‌లో చీజ్ వేస్తే అందులోని ప్రోటీన్లు బిగుసుకుపోయి, కొవ్వు నూనెలా పైకి తేలుతుంది, అడుగున పొట్టులాంటి పలుకులు మిగులుతాయి. సాస్ వేడే చీజ్‌ను కరిగించడానికి చాలు. ఒకవేళ నూనె తేలడం మొదలైతే, రెండు చెంచాల వేడి పాలు పోసి విస్క్‌తో గట్టిగా గిలకొట్టండి. తొలి దశలో అయితే తిరిగి కలుస్తుంది.

ఇప్పుడు నాలుగైదు సార్లు జాజికాయ గీకండి. ఆవపిండిని ఒక చెంచా చన్నీళ్లలో కలిపి పెట్టుకుని ఇక్కడ వేయండి. ఘాటు కోసం వేసేది కాదు ఇది, చీజ్ రుచిని పైకి లేపుతుంది. ఆవకాయ కోసం దంచిన పిండి మరీ ఘాటుగా ఉంటుంది కాబట్టి పావు స్పూను దాటకండి. ఉప్పు ఆఖరున, రుచి చూశాకే. చేపకు ఇప్పటికే పట్టింది, చీజ్‌లోనూ ఉంది, చాలాసార్లు ఇక అవసరమే ఉండదు.

ఐదో మెట్టు: పళ్లెంలో పరచడం

సుమారు 20, 25 సెంటీమీటర్ల కొలతల్లో ఉన్న పింగాణీ లేదా ఓవెన్ గాజు పళ్లేనికి వెన్న రాయండి. ముక్కలను ఒకే వరుసలో, దగ్గరదగ్గరగా అమర్చండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది ముక్క ఆవిరికి ఉడుకుతుంది, పై ముక్క ఎండుతుంది. సాస్‌ను చెంచాతో పోస్తూ అంచుల దాకా కప్పండి, చేప ఎక్కడా బయటికి కనిపించకూడదు. మిగిలిన చీజ్, కొద్ది వెన్నతో తడిపిన బ్రెడ్ పొడి పైన చల్లండి.

అడుగున పాలకూర పరిస్తే దీన్నే ఫ్లోరెంటైన్ అంటారు. నాకు ఇదే ఇంకా ఇష్టం, ఆకుకూర లేకపోతే పళ్లెం అంతా ఒకే రంగు, ఒకే మెత్తదనం. కానీ షరతు ఉంది: నాలుగు కట్టల ఆకును బాండీలో వేసి వాడ్చి, చల్లార్చి, రెండు చేతుల మధ్య పిడికిలి తెల్లబడేదాకా పిండాలి. పిండిన నీరు చూసి మీరే ఆశ్చర్యపోతారు. రొయ్యలు వేద్దామనుకునేవారు వాటిని ఒక నిమిషం వెన్నలో వేపి, ఊరిన నీరు పారబోసి వేయండి.

ఆరో మెట్టు: ఓవెన్

ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు ముందే వేడిచేయండి. ఇళ్లలో వాడే ఓటీజీలకు (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ కలిసిన చిన్న ఓవెన్లు) పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ ఓటీజీ గుండీ మీది అంకెకూ లోపలి వేడికీ చాలాసార్లు పొత్తు ఉండదు. చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే కేకులకూ పనికొస్తుంది. కింది, పై కమ్మీలు రెండూ వెలిగేలా పెట్టి, పళ్లేన్ని మధ్య అరలో ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పళ్లేన్ని నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగిలిపోవచ్చు, కాసేపు బయట ఉంచండి.

సాస్ వేడిగా ఉంటే 20 నిమిషాలు, చల్లారి ఉంటే 25 నిమిషాలు. అంచుల్లో సాస్ బుడగలు వేయడం చూసి సంబరపడకండి, అంచు ఎప్పుడూ ముందే ఉడుకుతుంది. మధ్యలో ఉన్న మందపాటి ముక్కలోకి చాకు మొన దించి కొంచెం పక్కకు తిప్పండి. కండ గాజులా కనిపించకుండా తెల్లగా మారి, పొరలు తమంతట తాము విడిపోతే అయినట్టే. ముక్కలోకి గుచ్చి చూసే థర్మామీటర్ ఉన్నవారికి 63 డిగ్రీలు గురుతు. అది దాటి ఐదు నిమిషాలు ఉంచితే కండ బిగిసి, ఇన్ని జాగ్రత్తలతో ఆపిన నీటిని కూడా వదిలేస్తుంది.

పైన రంగు చాలకపోతే చివరి మూడు నాలుగు నిమిషాలు పై కమ్మీ ఒక్కటే వెలిగించి, పళ్లేన్ని పై అరకు మార్చండి. ఆ కాసేపూ అక్కడే నిలబడాలి. చీజ్ బంగారు రంగు నుంచి బొగ్గుగా మారడానికి ఫోను ఎత్తి హలో అనేంత సమయం చాలు. కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవారు 190 డిగ్రీలు పెట్టి, చివర గ్రిల్ నొక్కవచ్చు. ఓవెన్ లేనివారు అడుగున ఉప్పు పోసి, రబ్బరు, విజిల్ తీసిన కుక్కర్‌లో చేపను ఉడికించగలరు కానీ పైన ఎర్రబడదు. వెనకటి యూరప్ వంటవాళ్లు ఇనుప బిళ్లను నిప్పుల్లో కాల్చి, వంట మీద దగ్గరగా పట్టుకుని రంగు తెప్పించేవారు. ఈ పద్ధతిని పిల్లలున్న ఇంట్లో నేను సూచించను. బ్రెడ్ పొడిని విడిగా వెన్నలో దోరగా వేపి ఆఖరున చల్లండి, ఆ కరకర దక్కుతుంది.

ఏడో మెట్టు: వడ్డన

ఓవెన్ నుంచి తీసి పది నిమిషాలు కదపకండి. ఈలోగా పల్చబడిన సాస్ మళ్లీ చిక్కబడుతుంది, చేప వదిలిన కాస్త నీటినీ పీల్చుకుంటుంది. నిమ్మచెక్క పక్కన పెట్టండి, తినేవారు తామే పిండుకుంటారు.

దీనితో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, బఠానీలు, గట్టి బ్రెడ్ బాగుంటాయి. అన్నంలో కలుపుకోవచ్చా అంటే, కలుపుకోవచ్చు. వేడి అన్నం, పక్కన ఆవకాయ ముక్క పెట్టుకుని తినే ఇళ్లు నాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

ముందురోజే సిద్ధం చేసుకోవాలంటే సాస్ వరకు చేసి, పైపొర కట్టకుండా వెన్నకాగితం ఆనించి ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చి చేప మీద వేడి సాస్ పోసి గంటల తరబడి ఉంచడం ప్రమాదం. చేప గోరువెచ్చగా మారి త్వరగా చెడుతుంది. మర్నాడు చల్లటి సాస్‌ను రెండు చెంచాల పాలతో సన్నటి మంట మీద నునుపు చేసుకుని పరిచి, వెంటనే ఓవెన్‌లో పెట్టండి. తిన్నాక మిగిలితే ఫ్రిజ్‌లో ఉంచి మరుసటి రోజే ముగించాలి. వేడిచేసేటప్పుడు అల్యూమినియం రేకు కప్పి 150 డిగ్రీల్లో పదిహేను ఇరవై నిమిషాలు, లోపలి దాకా వేడెక్కేవరకు ఉంచండి. మైక్రోవేవ్‌లో పూర్తి బలం మీద తిప్పితే సాస్ విరిగి నూనె తేలుతుంది.